పెట్రోల్ ఇంజెక్టర్ స్ప్రేని కంప్యూటర్‌లో మోడల్ చేయడం ఎలా?

"నా స్ప్రే పొట్టిగా వస్తోంది, బ్రేకప్ కాన్‌స్టెంట్ ఎంత పెట్టాలి?" పెట్రోల్ డైరెక్ట్ ఇంజెక్షన్ (ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మడం) మీద ప్రాజెక్టు మొదలుపెట్టిన విద్యార్థులు, కొత్తగా సీఎఫ్‌డీ (ప్రవాహాల్ని కంప్యూటర్‌లో లెక్కించే) పనిలో చేరినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. నా జవాబు ప్రతిసారీ ఒకటే. చుక్కలు ఎంత త్వరగా చిట్లాలో తేల్చే ఆ కాన్‌స్టెంట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు నాజిల్ నుంచి ఎంత ఇంధనం, ఎంత వేగంతో, ఏ దిశలో, ఎంత సాంద్రత ఉన్న గాలిలోకి వెళ్తోందో సరిచూడండి. తప్పు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. కాన్‌స్టెంట్ తిప్పి గ్రాఫును ప్రయోగం మీద కూర్చోబెడితే ఆ తప్పు మాయమైపోదు, లోపల దాక్కుంటుంది. కేసు, అంటే లెక్కించే పరిస్థితి, మార్చిన రోజున బయటపడుతుంది.

కింద చెప్పే పద్ధతి అంతా ఒకే కేసు చుట్టూ తిరుగుతుంది. దాన్ని పూర్తిగా చేసి, సరిచూసుకున్నాకే మీ సొంత ఇంజెక్టర్ మీదకు వెళ్లండి.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

మొదటిది, కొలతలు అందరికీ తెలిసిన ఒక ఇంజెక్టర్. దీనికి స్ప్రే జీ కంటే మంచిది లేదు. అమెరికాలోని సాండియా ప్రయోగశాల నడిపించే ఇంజిన్ కంబశ్చన్ నెట్‌వర్క్ అనే పరిశోధకుల కూటమి ఈ ఇంజెక్టర్‌ను ఉమ్మడి ప్రమాణంగా పెట్టింది. వేర్వేరు ప్రయోగశాలలు ఒకే పరిస్థితుల్లో కొలిచిన లెక్కలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. మీరు వాడాల్సిన సంఖ్యలు ఇవి:

- రంధ్రాలు 8, లోపలి రంధ్రం వ్యాసం 165 మైక్రాన్లు, దాని కింద వెడల్పయ్యే మెట్టు 388 మైక్రాన్లు
- రంధ్రం తొలిచిన కోణం ఇంజెక్టర్ అక్షానికి 37 డిగ్రీలు
- ఇంధనం ఐసో-ఆక్టేన్, ఉష్ణోగ్రత 90 డిగ్రీల సెల్సియస్ (363 కెల్విన్), ఇంజెక్షన్ పీడనం 200 బార్
- ఛాంబర్‌లో నైట్రోజన్, 300 డిగ్రీల సెల్సియస్ (573 కెల్విన్), 6 బార్, సాంద్రత ఘనపు మీటరుకు 3.5 కిలోలు
- మొత్తం ఇంధనం 10 మిల్లీగ్రాములు, ఇంజెక్షన్ జరిగే కాలం 780 మైక్రోసెకన్లు

రెండోది, సాఫ్ట్‌వేర్. కన్వర్జ్, స్టార్-సీసీఎం ప్లస్, ఫ్లూయెంట్, ఏవీఎల్ ఫైర్, వీటిలో ఏది చేతిలో ఉన్నా సరే. ఏదీ లేకపోతే ఓపెన్‌ఫోమ్ ఉచితం. దాని ఈఎస్ఐ విడుదలల్లో (ఈఎస్ఐ సంస్థ విడుదల చేసే వెర్షన్లలో) స్ప్రేఫోమ్ అనే సాల్వర్, అంటే సమీకరణాల్ని లెక్కించే ప్రోగ్రామ్, ఉంటుంది. ట్యుటోరియల్స్‌లో ఆకెన్ బాంబ్ అనే కేసును కాపీ చేసుకుని మొదలుపెట్టొచ్చు. కింద మెనూ పేర్లు చెప్పాల్సిన చోట ఓపెన్‌ఫోమ్ మాటలే వాడాను. మిగతా సాఫ్ట్‌వేర్‌లలో పేరు మారుతుంది, పని అదే.

మూడోది, ఒక కాగితం, ఒక క్యాలిక్యులేటర్. ఇది మర్యాదకు చెప్పడం లేదు. మొదటి రెండు మెట్లలోని లెక్కలకు కంప్యూటర్ అవసరమే రాదు.

అవసరమైనంత సిద్ధాంతం, అంతకు మించి వద్దు

10 మిల్లీగ్రాముల ఐసో-ఆక్టేన్‌ని 10 మైక్రాన్ల చుక్కలుగా విడగొడితే దాదాపు 3 కోట్ల చుక్కలవుతాయి. అన్నింటినీ విడివిడిగా వెంబడించడం కుదరదు. అందుకే ఒకేలాంటి చుక్కల్ని గుంపుగా కట్టి, ఆ గుంపును పార్సెల్ అంటారు. గింజలు లెక్కపెట్టకుండా బస్తాలు లెక్కపెట్టినట్టు. గాలిని మెష్ మీద, అంటే ఛాంబర్‌ని విడగొట్టిన చిన్న చిన్న గళ్ల (సెల్స్) మీద లెక్కిస్తారు, పార్సెళ్లు ఆ మెష్‌లోంచి ప్రయాణిస్తాయి. దారిలో అవి గాలిని లాగుతాయి, గాలి వాటిని ఆపుతుంది, అవి చిట్లుతాయి, ఆవిరవుతాయి. ఈ నాలుగింటికీ నాలుగు ఉపమోడళ్లు. వాటి లోపలి సమీకరణాలు తెలియకపోయినా ఈ కేసు నడుస్తుంది. ఏది దేన్ని ప్రభావితం చేస్తుందో మాత్రం తెలియాలి.

1. వేగాన్ని చేత్తో లెక్కించండి

రంధ్రంలోంచి ఇంధనం వెళ్లగలిగే అత్యధిక వేగం = వర్గమూలం (2 × పీడనాల తేడా ÷ ఇంధన సాంద్రత).

తేడా 200 లోంచి 6 తీసేస్తే 194 బార్. 90 డిగ్రీల దగ్గర ఐసో-ఆక్టేన్ సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 630 కిలోలు. గది ఉష్ణోగ్రత దగ్గర ఉండే 690 వేసేయకండి. లెక్కిస్తే సెకనుకు దాదాపు 248 మీటర్లు వస్తుంది. ఈ సంఖ్యను కాగితం మీద పెద్దగా రాసి పెట్టుకోండి. సాల్వర్ మీ పార్సెళ్లను ఇంతకంటే ఎక్కువ వేగంతో వదిలినా, ఇందులో సగంతో వదిలినా ఎక్కడో పొరపాటుంది.

2. డిశ్చార్జ్ కోఎఫిషెంట్ రాబట్టండి

ఎక్కువమంది బోల్తా పడే చోటు ఇదే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఎనిమిది రంధ్రాల మొత్తం వైశాల్యాన్ని 248 మీటర్ల వేగంతోను, సాంద్రతతోను గుణించండి. సెకనుకు సుమారు 27 గ్రాములు వస్తుంది. అదే నిజమైతే 780 మైక్రోసెకన్లలో 21 మిల్లీగ్రాములు వెళ్లాలి. కానీ కొలిచింది 10. అంటే రంధ్రం నిండా ద్రవం పారడం లేదు. ఇంజెక్టర్‌ని తెరిచి మూసే సూది కింద నుంచి వచ్చే ఇంధనం పొట్టి రంధ్రంలోకి ఒక్కసారిగా మలుపు తిరగాలి. ఆ మలుపు దగ్గర ప్రవాహం గోడను వదిలేసి సన్నబడుతుంది. వేగం పెద్దగా తగ్గదు, పారే వైశాల్యం తగ్గుతుంది. అందుకే సగటు డిశ్చార్జ్ కోఎఫిషెంట్, అంటే నిజంగా పారినదానికీ లెక్క ప్రకారం పారాల్సినదానికీ నిష్పత్తి, 0.5 దగ్గరకు వస్తుంది. సూది లేచేటప్పుడు, వాలేటప్పుడు ప్రవాహం తక్కువ కాబట్టి, మధ్యలో నిలకడగా ఉన్నప్పటి విలువ దీనికంటే కొంచెం ఎక్కువే ఉంటుంది.

ఇప్పుడు ఓపెన్‌ఫోమ్ సంగతి. కోన్ నాజిల్ ఇంజెక్షన్‌లో ఫ్లోరేట్ అండ్ డిశ్చార్జ్ పద్ధతి ఎంచుకుంటే, అది ద్రవ్యప్రవాహాన్ని సాంద్రత, వైశాల్యం, డిశ్చార్జ్ కోఎఫిషెంట్ల లబ్ధంతో భాగించి వేగం తెస్తుంది. ఆకెన్ బాంబ్ కేసులో ఆ కోఎఫిషెంట్ 0.9 అని ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే మీ ఇంధనం సెకనుకు సగటున 132 మీటర్ల వేగంతో బయటకొస్తుంది. ఉండాల్సిన దాంట్లో సగం! స్ప్రే పొట్టిగా రాక ఏమవుతుంది? 0.5 పెడితే 238 వస్తుంది, చేత్తో వేసిన లెక్కకు దగ్గరగా.

హెచ్చరిక: కొన్ని సాఫ్ట్‌వేర్‌లు వేగాన్ని పీడనం నుంచి లెక్కించి, దాన్ని కోఎఫిషెంట్‌తో గుణిస్తాయి. అక్కడ 0.5 పెడితే వేగం సగానికి పడిపోతుంది. మీ సాఫ్ట్‌వేర్ భాగిస్తోందా, గుణిస్తోందా అన్నది మాన్యువల్‌లో చూసుకోండి. అది కుదరకపోతే పది టైమ్ స్టెప్పులు నడిపి, కొత్తగా పుట్టిన పార్సెల్ వేగం ఎంతుందో చూస్తే చాలు.

ఇంకో హెచ్చరిక: వ్యాసం దగ్గర 165 మైక్రాన్లే వేయాలి. బయటికి కనిపించే మెట్టు వ్యాసం 388 వేస్తే వైశాల్యం అయిదున్నర రెట్లవుతుంది, లెక్కంతా పోతుంది.

3. ఛాంబర్‌ని సరిగ్గా నింపండి

మొదటి మోడల్‌కి ఇంజిన్ సిలిండర్ వద్దు, 100 మిల్లీమీటర్ల ఘనపు పెట్టె చాలు. అన్ని వైపులా గోడలు, పై గోడ మధ్యలో ఇంజెక్టర్. లోపల నైట్రోజన్ కదలకుండా ఉంటుంది. ఆకెన్ బాంబ్ కేసు డీజిల్ తరహాది. ఇంధనం హెప్టేన్, ఛాంబర్ 50 బార్, 800 కెల్విన్. ఈ మూడూ మార్చాలి. రసాయన చర్యల్ని ఆపేయాలి. ద్రవ ఇంధనం పేరు ఐసీ8హెచ్18 అని పెట్టి, వాయువుల జాబితాలో కూడా అదే పేరు ఉండేలా చూసుకోండి. లేకపోతే ఆవిరైన ద్రవ్యాన్ని ఎక్కడ చేర్చాలో సాల్వర్‌కు తెలియక ఆగిపోతుంది.

పార్సెళ్ల మొదటి ఉష్ణోగ్రత టీ0 అనే చోట ఉంటుంది, ట్యుటోరియల్‌లో అది 320. దాన్ని 363 చేయడం చాలామంది మరిచిపోతారు. కేసు నిశ్శబ్దంగా నడిచిపోతుంది, ద్రవం మాత్రం ఆవిరవ్వడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది.

సరిచూసే పద్ధతి: మొదటి టైమ్ స్టెప్‌లో గాలి సాంద్రత 3.5 చూపించాలి. 6.7 చూపిస్తోందంటే, 300 డిగ్రీల సెల్సియస్‌ని 300 కెల్విన్‌గా ఇచ్చారన్నమాట. సాంద్రత రెట్టింపైతే స్ప్రే ఎక్కడికీ వెళ్లదు.

4. మెష్, దాని దిశ

మెష్ ముతకగా ఉంటే చుక్కలు గాలికిచ్చిన ఊపు పెద్ద సెల్‌లో పలచబడుతుంది. చుట్టూ ఉన్న గాలి వేగం పుంజుకోదు, చుక్కకీ గాలికీ మధ్య తేడా పెద్దదిగానే ఉండిపోతుంది, గాలి చుక్కని గట్టిగా ఆపేస్తుంది. ఫలితం, పొట్టి స్ప్రే. డిశ్చార్జ్ కోఎఫిషెంట్ తర్వాత పొట్టి స్ప్రేకి రెండో పెద్ద కారణం ఇదే.

2 మిల్లీమీటర్ల మెష్‌తో మొదలుపెట్టి 1, 0.5 దాకా దిగండి. పెట్టె మొత్తం 0.5 వేస్తే 80 లక్షల సెల్స్ అవుతాయి, చిన్న కంప్యూటర్ మోయలేదు. ఇంజెక్టర్ కింద 60 మిల్లీమీటర్ల ఘనంలో మాత్రమే 0.5 ఉంచి, మిగతా చోట ముతకగా వదిలేస్తే ఆ భాగంలో 17 లక్షల చిల్లరతో సరిపోతుంది. కన్వర్జ్ లాంటి వాటిలో మెష్ తనంతట తానే చిక్కబడే ఏర్పాటు ఉంటుంది. దాంతో స్ప్రే ఉన్న చోట 0.25 దాకా వెళ్లొచ్చు. అంతకంటే సన్నం చేసే ముందు ఆగండి. నాజిల్ దగ్గర సెల్ పరిమాణం రంధ్రం వ్యాసానికి దగ్గరైతే, సెల్‌లో ద్రవం ఎక్కువ చోటు ఆక్రమించి, చుక్కలు పలచగా ఉన్నాయన్న మోడల్ మూల ఊహే చెల్లకుండా పోతుంది.

మెష్ దిశ గురించి చిన్న విషయమే కానీ తప్పక చేయండి. చదరపు మెష్‌లో అక్షం వెంట వెళ్లే ధార ఒకలా, మూలకు వెళ్లే ధార ఇంకోలా ప్రవర్తిస్తాయి. స్ప్రే జీ ధారలు 45 డిగ్రీల ఎడంలో ఉంటాయి కాబట్టి, మొదటిదాన్ని అక్షం మీద పెడితే నాలుగు ధారలు అక్షాల మీద, నాలుగు మూలలకు పోతాయి. ఎనిమిదింటినీ 22.5 డిగ్రీలు తిప్పి పెట్టండి. అప్పుడు ప్రతి ధార దగ్గరి అక్షానికి ఒకే కోణంలో ఉంటుంది. ధారల మధ్య తేడా కనిపిస్తే అది మెష్ వల్ల వచ్చింది కాదని నమ్మొచ్చు.

5. ఎనిమిది రంధ్రాలకు ఎనిమిది ఇంజెక్టర్లు

ప్రతి రంధ్రానికీ విడిగా ఒక ఇంజెక్షన్ మోడల్ రాయండి. ఒక్కోదానికి 1.25 మిల్లీగ్రాములు. మొత్తం 10 మిల్లీగ్రాములనూ ప్రతి దాంట్లోనూ వేసి, 80 మిల్లీగ్రాములు చిమ్మించడం అరుదేమీ కాదు.

దిశ: రంధ్రం 37 డిగ్రీల్లో తొలిచినా, ధార అదే కోణంలో రాదు. కొంచెం లోపలికి, అక్షం వైపు వాలుతుంది. మోడళ్లలో 33, 34 డిగ్రీల దగ్గర పెట్టడం మామూలు. 34 తీసుకుంటే దిశలో కిందికి వెళ్లే భాగం 0.829, పక్కకు వెళ్లే భాగం 0.559. ఆ 0.559ని 22.5, 67.5, 112.5 డిగ్రీల చొప్పున తిప్పుతూ పోండి.

ధార వెడల్పు: ఓపెన్‌ఫోమ్‌లో తీటా ఔటర్ అనేది ధార మధ్యరేఖ నుంచి కొలిచే కోణం, అంటే సగం కోణం. ధార పూర్తి కోణం 20 డిగ్రీలు కావాలంటే అక్కడ 10 వేయాలి.

ప్రవాహం కాలంతో మారే తీరు: కొలిచిన రేటు గ్రాఫునే ఇవ్వండి. దొరక్కపోతే వేగంగా పెరిగి, సమంగా సాగి, వేగంగా తగ్గే ఆకారం ఇవ్వొచ్చు. ఒకే ఎత్తు దీర్ఘచతురస్రం మాత్రం వద్దు, మొదటి 100 మైక్రోసెకన్లలో స్ప్రే అసహజంగా దూసుకుపోతుంది.

పార్సెళ్లు: రంధ్రానికి 20 వేలతో మొదలుపెట్టండి. 780 మైక్రోసెకన్లకు అది సెకనుకు సుమారు 2.5 కోట్ల చొప్పున అవుతుంది. ఫైల్‌లో రాయాల్సింది ఈ రెండో సంఖ్య. మెష్ సన్నం చేసిన ప్రతిసారీ పార్సెళ్లు కూడా పెంచాలి. లేదంటే కొన్ని సెల్స్‌లో పార్సెళ్లు కిక్కిరిసి, పక్క సెల్స్ ఖాళీగా ఉండి, ఆవిరి మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది.

6. చుక్కల పరిమాణం, చిట్లడం: రెండు దారులు, ఒకటే ఎంచుకోండి

మొదటి దారి: ఇంధనాన్ని రంధ్రమంత పెద్ద చుక్కలుగా, అంటే 165 మైక్రాన్లతో వదలండి. కెల్విన్-హెల్మ్‌హోల్ట్జ్, రేలీ-టేలర్ మోడల్ వాటిని చిట్లగొడుతుంది. ఓపెన్‌ఫోమ్‌లో రైట్జ్‌కేహెచ్‌ఆర్‌టీ పేరుతో ఉన్నది ఇదే.

రెండో దారి: అప్పటికే చిట్లిపోయిన చుక్కల్ని, కొలిచిన పరిమాణాల వ్యాప్తితో, రోజిన్-రామ్లర్ అనే గణిత రూపంలో వదలండి. చిట్లే మోడల్‌ని ఆపేయండి.

రెండింటినీ కలిపేస్తే, అంటే చిన్న చుక్కల్ని వదిలి వాటిని మళ్లీ చిట్లనిస్తే, చుక్కలు పొడైపోతాయి. ద్రవం నాజిల్ దగ్గరే మాయమవుతుంది. ఇంధనం గది ఉష్ణోగ్రతలో ఉండి, గాలి చల్లగా ఉంటే ఈ తప్పు కంటికి ఆనదు. 300 డిగ్రీల గాలిలో మాత్రం వెంటనే బయటపడుతుంది.

నా సలహా మొదటి దారి. పీడనం మారినప్పుడు చుక్కల పరిమాణం కూడా దానితోపాటు మారుతుంది కాబట్టి, వేరే పరిస్థితులకు అదే మోడల్‌ని తీసుకెళ్లగలరు. చుక్క చిట్లుతుందా లేదా అన్నది వెబర్ సంఖ్య చెబుతుంది. గాలి సాంద్రత, సాపేక్ష వేగం వర్గం, చుక్క వ్యాసం, ఈ మూడింటి లబ్ధాన్ని తలతన్యతతో భాగిస్తే వచ్చేది అదే. 165 మైక్రాన్ల చుక్క 248 మీటర్ల వేగంతో వస్తే ఇది 3 వేల దగ్గర ఉంటుంది, క్షణంలో చిట్లిపోతుంది. అదే 10 మైక్రాన్ల చుక్క, 50 మీటర్ల సాపేక్ష వేగంతో ఉంటే 7 దగ్గర. చుక్క చిట్లడానికి సుమారు 12 దాటాలి. అంటే దాని కథ అక్కడితో ఆగుతుంది. స్ప్రే కిందిభాగంలో మీకు 1, 2 మైక్రాన్ల చుక్కలే కనిపిస్తుంటే ఈ లెక్క గుర్తుచేసుకోండి.

చుక్కలు ఢీకొనే మోడల్ మొదటి రన్‌లో ఆపేయండి. తర్వాత కావాలంటే పెట్టొచ్చు. పాత ఒరూర్క్ పద్ధతి చదరపు మెష్ మీద ధారని నాలుగు రేకుల పువ్వులా విడగొట్టే అలవాటున్నది, దాన్ని చూసి భౌతికశాస్త్రం అనుకోకండి.

7. టర్బులెన్స్, టైమ్ స్టెప్

గాలి సుడుల సగటు ప్రభావాన్ని లెక్కించే ఆర్‌ఎన్‌జీ కే-ఎప్సిలాన్ మోడల్ చాలు. పెద్ద సుడుల్ని నేరుగా లెక్కించే ఎల్‌ఈఎస్‌కి వెళ్తే మెష్ సన్నబడాలి, ఒక్క రన్‌ని ప్రయోగాల సగటుతో పోల్చకూడదు, చాలా రన్‌ల సగటు తీయాలి. మొదటి కేసుకి అంత బరువు వద్దు.

టైమ్ స్టెప్: పార్సెల్ ఒక స్టెప్‌లో ఒక సెల్‌ని దాటిపోకూడదు. సెకనుకు 250 మీటర్ల వేగంతో వెళ్లే చుక్క 0.5 మిల్లీమీటర్ల సెల్‌ని 2 మైక్రోసెకన్లలో దాటుతుంది. కాబట్టి 0.5 మైక్రోసెకను లేదా అంతకంటే తక్కువ. మొత్తం 1.5 నుంచి 2 మిల్లీసెకన్ల దాకా నడపండి. ఇంజెక్షన్ ఆగాక ఏం జరుగుతుందో చూడకపోతే సగం సమాచారం పోతుంది.

8. సరిచూసే క్రమం

ఈ వరుస మార్చకండి. పైది తేలకుండా కిందిదానికి వెళ్తే సమయం వృథా.

మొదట ద్రవ్యం. 0.8 మిల్లీసెకన్ల దగ్గర లాగ్‌లో ఇప్పటిదాకా వదిలిన ద్రవ్యం 10 మిల్లీగ్రాములు ఉండాలి. ఏ క్షణంలో చూసినా, మిగిలిన ద్రవం, గాలిలో కలిసిన ఆవిరి కూడితే వదిలినంతే రావాలి. గోడలకు అంటుకున్న పార్సెళ్లు ఉంటే వాటినీ కలపండి.

తర్వాత గాలి ఉష్ణోగ్రత. అత్యల్ప విలువ చుక్కల ఉష్ణోగ్రత కంటే కిందికి జారితే టైమ్ స్టెప్ పెద్దదైంది, లేదా ఆవిరి ఒకే సెల్‌లో కుప్పపడుతోంది.

మూడోది, ద్రవం చేరిన దూరం. ఇక్కడ నిర్వచనమే సగం గొడవ. డీజిల్ వాళ్ల అలవాటు ప్రకారం ద్రవ్యంలో 95 లేదా 99 శాతం ఉన్న దూరం తీసుకుంటే, కెమెరా చూసినదానితో పోలిక కుదరదు. ఇంజిన్ కంబశ్చన్ నెట్‌వర్క్ సూచించిన పద్ధతి, పక్కనుంచి చూస్తే ఒక్కో చదరపు మిల్లీమీటరు వెనక ఎంత ద్రవం ఉందో కూడడం. ఆ మొత్తం 0.0002 ఘనపు మిల్లీమీటర్లు దాటిన చివరి చోటు ఒక హద్దు, 0.002 దాటిన చోటు ఇంకో హద్దు. రెండూ గీయండి. ఒకటి సరిపోయి ఇంకోటి సరిపోకపోతే, ద్రవం వ్యాపించిన తీరు తప్పని అర్థం. ఆవిరికి మాత్రం ఇంధన ద్రవ్యభాగం 0.001 ఉన్న హద్దు తీసుకోండి.

నాలుగోది, నాకు అన్నింటికంటే నమ్మకమైన పరీక్ష. నాజిల్ నుంచి 15 మిల్లీమీటర్ల దిగువన, ధారల మధ్య ఖాళీలో, అక్షం మీద గాలి వేగం గీయండి. ఇంజెక్షన్ నడుస్తున్నంతసేపూ అక్కడ గాలి పైకి, ఇంజెక్టర్ వైపు వెళ్లాలి. ఎందుకంటే ధారలు పక్క గాలిని లాగేస్తుంటే ఆ లోటు నింపడానికి గాలి కింద నుంచి మధ్యలోకి వస్తుంది. ఇంజెక్షన్ చివరికొచ్చేసరికి దిశ మారి కిందికి తిరుగుతుంది. చొచ్చుకుపోయే దూరం బాగా కుదిరి ఈ గ్రాఫు మాత్రం మొదటి నుంచీ కిందికే చూపిస్తుంటే, మీ ధారలు మధ్యలో కలిసిపోతున్నాయి. దూరం కుదరడం కాకతాళీయం. ఒక్క దూరాన్నే పోల్చి మోడల్ సరిపోయిందని ప్రకటించే రిపోర్టులు చాలా కనిపిస్తాయి, ఈ గ్రాఫు లేని రిపోర్టును నేనైతే నమ్మను.

చివరగా అదే 15 మిల్లీమీటర్ల దగ్గర చుక్కల సౌటర్ సగటు వ్యాసం (చుక్కల మొత్తం ఘనపరిమాణాన్ని మొత్తం ఉపరితలంతో పోల్చి తీసే సగటు). పది మైక్రాన్ల పరిసరాల్లో ఉండాలి.

9. లక్షణాన్ని బట్టి కారణం

- మొదటి క్షణం నుంచే పొట్టిగా ఉంటే: వేగం, ఛాంబర్ సాంద్రత.
- మొదట సరిగ్గా ఉండి, సగం దారిలో వెనకబడితే: మెష్ ముతక, లేదా తీటా ఔటర్ దగ్గర పూర్తి కోణం వేశారు.
- మరీ పొడవుగా వస్తే: ధార కోణం ఇరుకు, చిట్లడం ఆలస్యం.
- ఇంజెక్షన్ ఆగినా ద్రవం చాలాసేపు మిగిలిపోతే: టీ0 మార్చలేదు, చుక్కలు పెద్దవి, ఢీకొనే మోడల్ ఆన్‌లో ఉంది.
- ఎనిమిది ధారలు కలిసి ఒకటైతే: కోణం మరీ వెడల్పు, దిశ మరీ నిటారు, మెష్ ముతక.
- ధారల పొడవులు వేర్వేరుగా ఉంటే: మెష్ దిశ.

10. ఇప్పుడు కాన్‌స్టెంట్ ముట్టుకోండి

పై మెట్లన్నీ దాటాక కూడా తేడా మిగిలితే, అప్పుడు బీ1, అంటే మొదట్లో అడిగిన ఆ బ్రేకప్ కాన్‌స్టెంట్. సాధారణంగా 10 నుంచి 60 మధ్య తిప్పుతారు, ఓపెన్‌ఫోమ్‌లో మామూలుగా 40. పెంచితే చిట్లడం నెమ్మదిస్తుంది, చుక్కలు పెద్దగా ఉండి దూరం వెళ్తాయి. తగ్గిస్తే దానికి వ్యతిరేకం. చిట్లాక పుట్టే చుక్కల పరిమాణాన్ని తేల్చే బీ0 ని 0.61 దగ్గరే వదిలేయండి. ఒక రన్‌లో ఒక్కటే మార్చండి. ధార కోణం, బీ1 రెండూ కలిపి మారిస్తే ఏది ఏం చేసిందో ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే రెండూ స్ప్రే పొడవు మీదే పని చేస్తాయి.

11. అదే మోడల్, వేరే పరిస్థితి

స్ప్రే జీ3 అనే పరిస్థితి ఉంది. ఇంజెక్టర్, ఇంధనం అవే, ఛాంబర్ మాత్రం 60 డిగ్రీల సెల్సియస్, 1 బార్. పిస్టన్ కిందికి దిగేటప్పుడు చేసే ఇంజెక్షన్‌కి ఇది దగ్గర. ఛాంబర్ విలువలు మాత్రమే మార్చి, ఒక్క కాన్‌స్టెంట్ కూడా తాకకుండా నడపండి. ఫలితం ప్రయోగానికి దగ్గరగా వస్తే మీ మోడల్‌కి పునాది ఉంది. దూరంగా పోతే పదో మెట్టులో మీరు దిద్దింది మోడల్‌ని కాదు, గ్రాఫుని. రెండో మెట్టుకు వెనక్కి వెళ్లండి.

స్ప్రే జీ2 దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడ ఛాంబర్ పీడనం 0.5 బార్. 90 డిగ్రీల దగ్గర ఐసో-ఆక్టేన్ ఆవిరి పీడనం సుమారు 0.77 బార్. అంటే బయటికి రాగానే ఇంధనం లోపలి నుంచే మరిగి పేలుతుంది, ధార ఒక్కసారిగా ఉబ్బుతుంది, పక్క ధారలతో కలిసిపోతుంది. కెల్విన్-హెల్మ్‌హోల్ట్జ్ మోడల్‌లో ఈ మరుగు లేదు. బీ1 ఎంత తిప్పినా రాదు. మీ సాఫ్ట్‌వేర్‌లో ఫ్లాష్ బాయిలింగ్ మోడల్ ఉంటే వాడండి. లేకపోతే కొలిచిన ధార వెడల్పునే కోణంగా ఇచ్చి, అలా ఇచ్చానని రిపోర్టులో స్పష్టంగా రాయండి. బజారు పెట్రోల్‌లో ఐసో-ఆక్టేన్ కంటే తేలికైన భాగాలు ఉంటాయి కాబట్టి, దానికి ఈ మరుగు ఇంకా తొందరగా వస్తుంది.

12. మీ సొంత ఇంజెక్టర్‌కి

తయారీదారు నుంచి లేదా ప్రయోగశాల నుంచి మూడు తెచ్చుకోండి: కాలంతో ఇంజెక్షన్ రేటు, ఒక్కో ధార దిశ, ఏదో ఒక దూరంలో చుక్కల పరిమాణం. వీటిలో మొదటి రెండూ దొరక్కపోతే నాజిల్ లోపలి ప్రవాహాన్ని విడిగా, ద్రవం-వాయువు హద్దును పట్టుకునే పద్ధతిలో లెక్కించి, రంధ్రం చివర వచ్చిన ప్రవాహం, దిశలను ఈ మోడల్‌కి ఇవ్వొచ్చు. ఖర్చు ఎక్కువ, 165 మైక్రాన్ల రంధ్రంలో సెల్ పది మైక్రాన్లకు దిగాలి. గీసిన బొమ్మలోని కొలతల్ని కాకుండా, ఎక్స్‌రేతో కొలిచిన నిజమైన ఆకారాన్నే వాడండి. రంధ్రం అంచు పదునుగా ఉందా, గుండ్రంగా అరిగిందా అన్నదాన్ని బట్టి డిశ్చార్జ్ కోఎఫిషెంట్ గట్టిగా మారుతుంది. ఒకే ఇంజెక్టర్‌లోనే రంధ్రానికీ రంధ్రానికీ తేడాలుంటాయి. ఇంజెక్టర్ పక్కకు వాలి కూర్చున్న ఇంజిన్లలో ధారలు కావాలనే వేర్వేరు దిశల్లో పెడతారు కాబట్టి, అక్కడ మొత్తం ద్రవ్యాన్ని ఎనిమిదితో భాగించి సమానంగా పంచకండి. ఒక్కో రంధ్రం వాటా విడిగా కొలిపించుకుని వేయండి.